కాపరికి గ్రీకు వచ్చును, మంద మాట రాదు

గత మాసము జరిగిన మన సంఘ కార్యవర్గ సమావేశమున నేనొక తీర్మానము ప్రవేశపెట్టితిని. క్రైస్తవ గురువులకు పట్టములిచ్చు దైవశాస్త్ర విద్యాలయములకు మన సంఘము పక్షమున విజ్ఞాపన పంపవలెననియు, తెలుగువారి నడుమ సేవకు పోవు విద్యార్థులకు తెలుగును పరీక్షతో కూడిన పాఠ్యాంశముగ నేర్పవలెనని అందు కోరవలెననియు దాని సారాంశము. బలపరచుటకు ఒక్కరు మాత్రము చేయి ఎత్తిరి. కొందరు నవ్విరి. నాకు తండ్రివంటి పెద్దలొకరు, "ఏమి నాయనా, అంగడి చూచుకొనువాడవు, శనివారము పెరుమాళ్ళ కోవెలకు పోవువాడవు. పాదిరీల చదువు మనకెందుకు?" అని అడిగిరి. అప్పటికే వేళ మించిపోయినందున ఊరకుంటిని. ఆ ప్రశ్నకు బదులు ఇచ్చట వ్రాయుచున్నాను. కొంచెము దీర్ఘమగును, సంపాదకులు క్షమింతురుగాక.

నేను మెట్రిక్యులేషను దాటి చదివినవాడను కాను. క్రైస్తవుడను అంతకంటెను కాను. గ్రీకు, హీబ్రూ భాషలను గూర్చి నేను చెప్పునది పుస్తకములు చూచి, చదివినవారిని అడిగి తెలిసికొన్నదియే. అయినను ఈ విషయమున మాటాడుటకు నాకు అర్హత యెట్లు వచ్చెనో చెప్పెదను.

మా తండ్రిగారి కాలమునుండి మా అంగడికి వచ్చుచుండిన ఒక అవ్వ ఈ మంసాపురమున ఉండెను. పేరు వ్రాయను. వీధులు ఊడ్చి జీవించిన మనిషి. ఇంట మాటాడునది తెలుగు. రెండు తరముల నుండి క్రైస్తవ కుటుంబము. మన తాతలవలెనే ఆమె తాతలును మధుర నాయకుల కాలమున తెలుగు సైన్యముల వెంట ఈ సీమకు వచ్చిరని ఆమె చెప్పుచుండెను. మనము వచ్చినది కత్తితో, వారు వచ్చినది తోలుపని చేయు పనిముట్లతో. అంతియే భేదము. మా అంగడిలో పద్దు తమిళమున వ్రాయుదుము. ఆమె అప్పడుగునది మాత్రము తెలుగున. పప్పునకు, చింతపండునకు ఆమె వాడు మాటలు మా నాయనమ్మ వాడిన మాటలే.

గత సంవత్సరము ఆమె మంచము పట్టెను. కడపటి దినములలో తమిళము ఆమె నోటినుండి జారిపోయెను. జీవితమంతయు వీధిలో మాటాడిన భాష పోయి, తల్లి ఒడిలో నేర్చినది మిగిలెను. ఒకనాటి సాయంకాలము జావకని కొంచెము సగ్గుబియ్యము పట్టుకొని నేను పోవుసరికి ఆమె సంఘపు గురువు వచ్చి మంచము ప్రక్కన కూర్చుండి యుండెను. ముప్పది దాటని యువకుడు, బి.డి. పట్టము పొందినవాడు, సౌమ్యుడు. అవ్వ అతని చేయి పట్టుకొని ఏదియో చెప్పనారంభించెను. అతనికి అర్థము కాలేదు. మనుమరాలిని పిలిచి, "పాట్టి ఏమి చెప్పుచున్నది?" అని తమిళమున అడిగెను. ఆ పిల్లకు పదమూడేండ్లుండును. మొదటి రెండు మాటలు తమిళమున చెప్పినది. అంతట అవ్వ ఆ పిల్ల ముఖము చూచి ఆగిపోయెను. పిల్ల వినదగని మాటయేదో ఆమె మనస్సున ఉండెనని నాకు తోచెను. గుమ్మములో నిలిచిన నావైపును ఒకసారి చూచెను. నేను తర్జుమా చేయవచ్చును గదా యని మీరందురు. నేను ఆమెకు అప్పిచ్చినవాడను. అప్పులవాని యెదుట గుండె విప్పువారెవరు? "సరేలే నాయనా, ప్రార్థన చెయ్యి" అని ఆమె కన్నులు మూసికొనెను. గురువు తమిళమున చక్కగా ప్రార్థించెను. మూడవనాడు ఆమె పోయెను. చెప్పదలచినది ఆమెతోనే పోయినది.

బయటకు వచ్చిన పిమ్మట ఆ యువకునితో కొంతసేపు మాటాడితిని. నేనేమియు నిందింపకమునుపే అతడు తనంతట తానే చెప్పెను. కళాశాలలో గ్రీకు వ్యాకరణము చదివెనట. హీబ్రూ అక్షరములు కూడ గుర్తుపట్టగలడట. తన సొంత అమ్మమ్మ తెలుగే మాటాడుచుండెనట. ఇంటిలోగాని బడిలోగాని కళాశాలలోగాని ఆ భాష నేర్పినవారు లేరట. ఈ మాటలన్నియు తమిళముననే చెప్పెను. చెప్పునప్పుడు అతని ముఖము చూచినవారెవరును అతనిని తప్పుపట్టజాలరు. నా తగవు అతనితో కాదు. నాలుగైదు ఏండ్లు కూర్చుండబెట్టి, రెండువేల ఏండ్లనాటి భాషలు నేర్పి, రేపు పోవలసిన వీధి భాషను నేర్పక పట్టము చేతికిచ్చి పంపు ఏర్పాటుతో.

ఈ పట్టములు ఎచ్చటనుండి వచ్చుచున్నవో మన సభ్యులలో చాలమందికి తెలియకపోవచ్చును. మన దేశమున ప్రొటెస్టెంటు సంఘములవారి బి.డి., ఎం.టి.హెచ్. పట్టములలో పెక్కింటికి మూలస్థానము వంగదేశమందలి శ్రీరాంపురము. 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను ముగ్గురు అచ్చట కళాశాలను స్థాపించిరి. ఆనాడు ఆ పట్టణము డేనిష్ రాజు పాలనలో ఉండెను. 1827లో ఆ రాజు తన శాసనముచేత దానికి పట్టములిచ్చు అధికారమునిచ్చెను. కలకత్తా, మదరాసు విశ్వవిద్యాలయములు పుట్టినది 1857లో అని జ్ఞాపకముంచుకొనుడు. ఆ అధికారము చాలకాలము వాడుకలోనికి రాలేదు. 1915లో తొలి బి.డి. పట్టములిచ్చిరి. 1918లో వంగరాష్ట్ర శాసనసభ చేసిన చట్టముచేత సెనేటు ఏర్పడెను. నేడు ఆ సెనేటునకు అనుబంధముగ దేశమంతట యాభైకి పైగా కళాశాలలు ఉన్నవి.

ఆ కేరీ యెవరు? ఇంగ్లండున చెప్పులు కుట్టి బ్రతికినవాడు. ఏ విశ్వవిద్యాలయమునను చదివినవాడు కాడు. ఆయన తెలుగుదేశమున అడుగుపెట్టి నివసించినవాడును కాడు. అయినను పండితులను కూర్చుండబెట్టుకొని తెలుగు నేర్చి, 1814లో తెలుగు వ్యాకరణము అచ్చువేసెను. అంతకు రెండేండ్ల ముందే, 1812లో, శ్రీరాంపురపు ముద్రాలయము అగ్నికి ఆహుతియై ఎన్నో వ్రాతప్రతులు బూడిదయ్యెను. తిరిగి మొదటినుండి పని ఆరంభించిరి. అట్టివాడు నెలకొల్పిన కళాశాల పేరుమీద ఇచ్చు పట్టము పొంది, తెలుగు ఇంట పుట్టినవాడే తెలుగు అవ్వ మాట తెలియక తల వంచుకొనవలసి వచ్చుటను ఏమనవలెను?

గ్రీకు నేర్పవలదని నేననను. నేర్పవలెను. మూలగ్రంథము చదువజాలని గురువు ఇతరుల మాటపై ఆధారపడవలసినవాడగును. అసలు పత్రము చూడక నకలును నమ్మి సరుకు కొనువర్తకుని వంటివాడు. కాని ఆ గ్రీకు ఎట్టి గ్రీకు? ఈ సంగతి తెలిసికొన్నప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. క్రైస్తవుల కొత్త నిబంధన గ్రీకు మహాకవుల శైలిని పోలియుండకపోవుటచేత, అదియొక ప్రత్యేకమైన పవిత్రభాష కాబోలునని పూర్వపు విద్వాంసులు కొందరు తలంచిరట. పందొమ్మిదవ శతాబ్ది తుదిని ఐగుప్తుదేశమున తవ్వకములు జరిగెను. ఆక్సిరింకస్ అను పాతపట్టణపు చెత్తదిబ్బలలో వేలకొలది పాపైరసు కాగితములు దొరికెను. అవి యేమి? రసీదులు, కౌలుపత్రములు, అప్పుపత్రములు, ఇంటికి వ్రాసిన జాబులు, వర్తకుల లెక్కలు. అడాల్ఫ్ డైస్మన్ అను జర్మను పండితుడు వాటిని కొత్త నిబంధనతో పోల్చి చూచి, రెండును ఒక్కటే భాషయని 1908లో వెలువరించిన గ్రంథమున విపులముగ చూపెను. అనగా ఆ గ్రంథము వ్రాసినది సంతలోని భాషలో, అంగళ్ళ భాషలో, చెత్తదిబ్బకు పోయిన చీటీల భాషలో! మా అవ్వ జీవితమంతయు అట్టి చెత్త ఊడ్చినది. ఆమె భాష అట్టి వీధి భాషయే. గ్రీకు పాఠములో ఈ సంగతిని చెప్పి, పరీక్షలో అడిగి, మార్కులు వేసి, తమ వీధిలోని భాషను మాత్రము విడిచిపుచ్చినచో ఆ గ్రీకు నేర్చినందువలన కలిగిన బుద్ధి యేమి?

(ఈ మాటను గ్రాంథికమున వ్రాయుచున్నందుకు మా మేనల్లుడు నన్ను పరిహసించుచున్నాడు. నాకు వ్రాత వచ్చినది ఈ తీరుననే. మరణశయ్య ప్రక్కన నేనిట్లు మాటాడను.)

రెండవ ఆక్షేపణ సంఘములోనివారిది కాదు. మాటలలో నేనడిగిన క్రైస్తవ పెద్దలు కొందరిది. "ఇది తమిళనాడు. మా కళాశాలలు తమిళమున బోధించుటయే గొప్ప. తెలుగు కూడనా?" అనిరి. మొదటి సగము నిజము, గొప్ప నిజము. 1969లో మధురలోని అరసరడియందు దక్షిణ ఇండియా సంఘమువారును లూథరన్ సంఘములవారును కలిసి స్థాపించిన తమిళనాడు దైవశాస్త్ర కళాశాల, బి.డి. విద్యను తమిళమున బోధించి చూపెను. దైవశాస్త్రమనగా ఇంగ్లీషుననే యుండవలెనని ఎందరో నమ్మియుండగా, గురువు ఎవరి నడుమ బ్రతుకబోవునో వారి భాషలోనే చింతన చేయవలెనని వారు పట్టుపట్టిరి. నేను వారికి చేతులెత్తి మ్రొక్కెదను. కాని ఏ హేతువుచేత ఇంగ్లీషు చాలదని వారు తమిళమునకు చోటిచ్చిరో, ఆ హేతువే మా వీధి మొగలో నిలిచి తెలుగునకు చోటు అడుగుచున్నది. తూకపురాయి ఒకరికొకటి, ఇంకొకరికొకటి యుండరాదు. తమిళమునకు బదులుగ తెలుగు అడుగుటలేదు. తమిళముతోపాటు, అవసరమున్నచోట, ఒక్క పాఠ్యాంశము అడుగుచున్నాము. మన ప్రక్క ఊరు శ్రీవిల్లిపుత్తూరు. అచ్చటి గోదాదేవి తమిళమున పాడెను. ఆమె కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగున చెప్పెను. దానిచే తమిళమునకు వచ్చిన నష్టమేమి?

పైగా, తెలుగు క్రైస్తవ సారస్వతము ఆరంభమైనదే తమిళసీమలో. బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుడు 1719లో తరంగంబాడికి వచ్చి, తరువాత మదరాసునకు పోయెను. అచ్చటి జనులలో తెలుగువారు మిక్కుటముగ నుండుట చూచి, తమిళము నేర్చితిని గదాయని ఊరకుండక, తెలుగు నేర్చెను. వ్యాకరణము వ్రాసెను. 1732 నాటికి బైబిలును తెలుగునకు తర్జుమా చేసెను. ఆ తర్జుమా అచ్చుకాలేదు. కాని ఆయన స్వదేశమునకు పోయిన పిమ్మట హాలే పట్టణమున 1746, 1747 సంవత్సరములలో వేయించిన చిన్నపుస్తకములే తెలుగున అచ్చయిన తొలి పుస్తకములు. మదరాసు వీధులలో తెలుగు వినబడినందువలన జరిగిన పని ఇది. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డె గ్రాంజి అను లండను మిషనువారును ముందు చేసినది భాష కుదుర్చుకొనుటయే.

విదేశీయుల మాట యేల, మన దక్షిణపు మనిషినే చూడుడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో, తిరుచెందూరు దగ్గరి వెళ్ళాళన్‌విళై యను గ్రామమున పుట్టెను. తమిళుడు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టము పొందకయే బయటికి వచ్చెను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ సొంత మనుష్యులను పంపుటకు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినప్పుడు అందు ముఖ్యుడు. ఆ సొసైటీ పని చేయుటకు ఎన్నుకొన్నది నైజాము రాజ్యమందలి తెలుగు ప్రాంతము, దోర్నకల్లు. అజరయ్య తానే 1909లో అచ్చటికి పోయెను, తెలుగు నేర్చెను, తెలుగున బోధించెను. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో ఆయనకు బిషపు అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. గ్రామబోధకులకు, వారి భార్యలకు సహా దోర్నకల్లున శిక్షణ యిప్పించెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్టమిచ్చెను. 1945లో దోర్నకల్లుననే మరణించెను. పట్టము లేనివాడు, తమిళుడు, మాల మాదిగ పల్లెలలోని తెలుగు నేర్చి ముప్పదియైదేండ్లు పనిచేసినాడు. నేడు పట్టములు గలవారు, తెలుగు అమ్మమ్మల మనుమలు, తమ ఊరి తెలుగు వీధిలో దుబాసీని వెదకుచున్నారు.

మూడవ ఆక్షేపణ: "తెలుగు కావలసినవారు ఆంధ్రదేశపు కళాశాలకు పోవచ్చును గదా?" పోవచ్చును. 1964లో బాప్టిస్టులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘమువారు మొదలగువారు తమ వేరువేరు వేదాంత పాఠశాలలను కలిపి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలను ఏర్పరచిరి. తరువాత అది హైదరాబాదునకు మారినది. మంచి సంస్థయే. కాని మంసాపురపు పిల్లవాడు హైదరాబాదునకు పోయి చదివినయెడల, మరల ఈ జిల్లాకు ఏ సంఘము వానిని పిలుచును? ఇచ్చటి సంఘములు తమ పరిధిలోని అభ్యర్థులను తాము ఎన్నుకొన్న కళాశాలకు పంపును. వారు తిరిగి వచ్చునది తమిళ సంఘమునకు. అందులోని తెలుగు కుటుంబములు లెక్కకు రావు. అందుచేత పిల్లవానిని అచ్చటికి పంపుట మార్గము కాదు. అచ్చటి ఉపాధ్యాయుడొకరు సెలవులలో ఆరువారములు ఇచ్చటికి వచ్చి నేర్పుట మార్గము. లేదా మన జిల్లా తెలుగు వీధులలో విద్యార్థిని మూడునెలలు కాపురముంచి, తెలుగున రోగిని పరామర్శించుటకు, తెలుగున ఒక ప్రార్థన చేయుటకు, తెలుగున పాటలు వినుటకు నేర్పుట. సేవాశిక్షణయని ఆ చదువులో ఎట్లును కొంతకాలము కేటాయింపబడియున్నది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వ్రాసిన కీర్తనలు నేటికిని తెలుగు క్రైస్తవుల నోట ఉన్నవి. వాటిని ఒక్కటియైన పాడనేరని గురువు తెలుగు ఇంట ఏమి ఓదార్పు నిచ్చును? వ్యయమెంత అందురా? ఒక ఉపాధ్యాయుని బండి ఖర్చు, భోజనము. భోజనము మా యింట.

"అట్టి విద్యార్థులు ఎందరు? సంవత్సరమునకు ఒకడో ఇద్దరో" అనువారికి నా బదులు చిన్నది. మా అంగడిలో వసకొమ్ము సంవత్సరమునకు పదిమంది కొందురు. అయినను ఉంచుదును. కావలసినవాడు అర్ధరాత్రి బిడ్డను భుజమున వేసికొని తలుపు తట్టును.

ఇంతవరకు ఇతరులను అంటిని. ఇక మన సంగతి. ఆనాడు సమావేశమున నవ్వినవారు దేనికి నవ్విరో నాకు తెలియును. గురువుల చదువును గూర్చి కాదు. ఆ చదువువలన మేలు పొందువారు ఎవరో తలచుకొని నవ్విరి. మన సంఘపు సభ్యుల పట్టికలో ఆ అవ్వ పేరు ఎన్నడును లేదు. ఆమె వీధివారి పేరొక్కటియు లేదు. రాజులము, నాయుడులము, రెడ్లము, చెట్లము ఉన్నాము. జనాభా లెక్కల సమయమున మాత్రము, "మాతృభాష తెలుగని చెప్పుడు" అని ఆ వీధికి మనుష్యులను పంపితిమి. ఆ పనికి నేనే పోయితిని, అందుచేత ఎరుగుదును. లెక్కకు వారు తెలుగువారు, సభకు కారు. రాజ్యాంగపు 350-ఎ అధికరణము ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్చు వసతి కల్పింపుమని చెప్పుచున్నదని మనము వేదికలపై ఉపన్యసింతుము. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము మెట్టుమెట్టుగ ఎక్కి 2015-16లో పదవ తరగతికి చేరినప్పుడు, అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపులకై న్యాయస్థానముల చుట్టు తిరుగవలసి వచ్చెనని కన్నీరు కార్తుము. అది న్యాయమే. కాని మన యిండ్లలో ఎందరు పిల్లలు ఈ పత్రికను చదువగలరు? మా పెద్దవాడు చదువలేడు. తెలుగు మాటాడును, అక్షరము చూచిన జిలేబీ యనును. అట్లుండగా ఆ యువగురువును పరిహసించుటకు మన ముఖమెక్కడిది? అతని కళాశాల చేసిన తప్పును మనము ఇంటింట చేయుచున్నాము. కళాశాలవారికి విజ్ఞాపన వ్రాయునాడు సంతకము చేయువారిలో ఆ వీధి పెద్దలిద్దరైనను ఉండవలెను. వారు సంఘ సభ్యులుగ ఉండి చేయవలెను, వేలిముద్ర వేయుటకు పిలువబడినవారుగ కాదు. చందా మాట యెత్తువారికి చెప్పుచున్నాను, మొదటి సంవత్సరపు చందా నేనిత్తును.

తీర్మానమును వచ్చు సమావేశమున మరల ప్రవేశపెట్టెదను. అంతవరకు ఊరక కూర్చుండలేదు. మా అంగడి వెనుక బస్తాలు వేయు గది ఒకటి ఖాళీ చేయించి, ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు అక్షరములు చెప్పించుచున్నాము. చెప్పువారు పదవీవిరమణ చేసిన తెలుగు పంతులుగారు. నేర్చుకొనువారు అయిదుగురు: ఆ యువగురువు, అవ్వ మనుమరాలు, ఆ వీధి పిల్లలిద్దరు, మా పెద్దవాడు. గురువుగారికి గ్రీకు పరీక్షలో మంచి మార్కులే వచ్చినవట. గుణింతముల దగ్గర ఆ పిల్లకంటె వెనుకబడియున్నాడు. పలకలు ఉన్నవి. పెద్దబాలశిక్ష ప్రతులు మూడు కావలెను. ఎవరి అటకమీదనైన ఉన్నయెడల, చెదలు తిన్నవైనను సరే, అంగడికి పంపుడు.